మొసలి మీద హక్కు ఎవరిది? బట్టల బ్రాండ్ల బొమ్మల పంచాయితీ

నల్లగొండ ప్రకాశం బజారులో గానీ, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ చుట్టుపక్కల గానీ కాలరు టీషర్టు కొనడానికి వచ్చేవాళ్లలో చాలామంది బ్రాండు పేరు ఎత్తరు. ‘ఆ మొసలి బొమ్మది చూపియ్యి’, ‘గుర్రం బొమ్మది ఎంత?’ అనే అడుగుతారు. లాకోస్ట్ అనే ఫ్రెంచి పేరు నోరు తిరగకపోయినా బేరానికి అడ్డం రాదు. ఛాతీకి ఎడమపక్కన అంగుళమంత బొమ్మ ఉంటే చాలు, సరుకేదో కొనేవాడికీ అర్థమవుతుంది, అమ్మేవాడికీ అర్థమవుతుంది. ఆ అంగుళం కోసమే కంపెనీలు ఇరవై ముప్పై ఏళ్లపాటు దేశదేశాల కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి.

జంతువు ఎవరి సొత్తూ కాదు. జూరాల దిగువన కృష్ణలో తిరిగే మొసలికి ట్రేడ్‌మార్కు ఉండదు. చట్టం కాపాడేది ఒక గీతను మాత్రమే. అది కూడా ఒక దేశం హద్దుల్లో, ఫలానా రకం సరుకు మీద. కాబట్టి ఇద్దరు మొసలి బొమ్మ వేసుకున్నంత మాత్రాన ఒకరు దొంగ అయిపోరు. ముందుగా వాడింది ఎవరు, రిజిస్టరు చేసింది ఎవరు, ఎదుటివాడు వాడుతుంటే ఎన్నేళ్లు చూస్తూ ఊరుకున్నారు, కొనేవాడు ఎలాంటివాడు అన్నవాటిని బట్టి తీర్పు మారుతుంది. అవే రెండు మొసళ్లకు ఒక దేశంలో ఒక జవాబు, ఇంకో దేశంలో ఇంకో జవాబు రావడానికి కారణం ఇదే.

మొదటి మొసలి ఫ్రాన్సుది. రెనే లాకోస్ట్ టెన్నిస్ ఆటగాడు. డేవిస్ కప్ ఆడటానికి అమెరికా వెళ్లినప్పుడు, మ్యాచ్ గెలిస్తే మొసలి తోలు పెట్టె కొనిస్తానని జట్టు కెప్టెన్ పందెం కాశాడు. ఆ కబురు పత్రికలకు ఎక్కి అతనికి ‘మొసలి’ అన్న పేరు స్థిరపడింది. స్నేహితుడు రాబర్ట్ జార్జ్ ఒక మొసలి బొమ్మ గీసిచ్చాడు, లాకోస్ట్ దాన్ని తన కోటు మీద కుట్టించుకున్నాడు. 1933లో అల్లిక బట్టల వ్యాపారి ఆండ్రే జిలియేతో కలిసి కంపెనీ పెట్టి, అదే బొమ్మను చొక్కాల మీద వేసి అమ్మాడు. కంపెనీ గుర్తు బయటికి కనిపించేలా బట్ట మీద కుట్టడం అప్పటికి దాదాపు కొత్త. అంతకుముందు గుర్తు ఉంటే కాలరు లోపల చిన్న గుడ్డముక్క మీద ఉండేది.

రెండో మొసలి సింగపూర్‌ది. తాన్ హియాన్ త్సిన్ అనే వ్యాపారి 1947లో మొదలుపెట్టిన కంపెనీ ఇప్పుడు క్రొకడైల్ ఇంటర్నేషనల్. మూడోది హాంకాంగ్‌ది. 1952 నాటి క్రొకడైల్ గార్మెంట్స్ వేరే కంపెనీ. అంటే ఆసియాలో మొసలి బొమ్మ బట్టలు లాకోస్ట్ జోరుగా అడుగుపెట్టకముందే బాగా చలామణీలో ఉన్నాయి. ఫ్రెంచి కంపెనీ వచ్చి ‘ఇది మాది’ అంటే, ‘మేము ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నాం’ అని ఆసియా కంపెనీలు అన్నాయి. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అందుకే లొల్లి అంత సులువుగా తెగలేదు.

రెండు టీషర్టులు చేతిలోకి తీసుకుని చూస్తే తేడా కనిపిస్తుంది. లాకోస్ట్ మొసలి చూసేవాళ్లకు కుడివైపు తల తిప్పి, తోక పైకి వంచి, నోరు తెరిచి ఉంటుంది. ఆకుపచ్చ దారంతో పొలుసులు, తెరిచిన నోట్లో ఎర్రదనం. సింగపూర్ మొసలి ఎడమవైపు చూస్తుంది. చాలాసార్లు దాని పైన క్రొకడైల్ అని కలిపిరాత అక్షరాల్లో పేరు ఉంటుంది. పక్కపక్కన పెడితే పిల్లలు కూడా వేరు చేస్తారు. బజారులో ఎవరూ పక్కపక్కన పెట్టి చూడరు కదా, చిక్కంతా అక్కడే ఉంది.

లాకోస్ట్‌కూ సింగపూర్ కంపెనీకీ 1971లో జపాన్‌లో మొదలైన పోట్లాట 1983లో ఒక రాజీకి వచ్చింది. తైవాన్, సింగపూర్, ఇండోనేషియా, మలేషియా, బ్రూనై, ఈ అయిదు చోట్ల ఎవరి మొసలిని వాళ్లు వాడుకోవాలని రెండు కంపెనీలూ రాసుకున్నాయి. చైనా ఆ జాబితాలో లేదు, భారత్ కూడా లేదు. చైనాలో 2000లో లాకోస్ట్ వేసిన కేసు అక్కడి సుప్రీంకోర్టు దాకా పోయింది. 2010లో ఆ కోర్టు లాకోస్ట్ వాదనను ఒప్పుకోలేదు. రెండు కంపెనీల చరిత్ర వేరు, సింగపూర్ కంపెనీ దురుద్దేశంతో కాపీ కొట్టలేదు, రెండూ కలిసే బతకవచ్చని తేల్చింది. హాంకాంగ్ మొసలి దారి ఇంకోటి. 2003లో లాకోస్ట్‌తో రాజీ పడి తన బొమ్మనే మార్చుకుంది. తోక నిట్టనిలువుగా, కళ్లు పెద్దవిగా, ఒంటి మీద పొలుసులు ఎక్కువగా ఉండేలా కొత్త మొసలిని గీయించుకుంది. ఓడిపోయి పేరు పోగొట్టుకోవడం కంటే తోక నిలబెట్టుకోవడం నయమనుకున్నట్టుంది.

మన దేశంలో కథ వేరుగా నడిచింది. లాకోస్ట్ 2001లో ఢిల్లీ హైకోర్టులో కేసు వేసింది. తీర్పు 2024 ఆగస్టు 14న వచ్చింది, అంటే 23 ఏళ్లకు. కేసు వేసిన ఏడాది పుట్టిన పిల్లవాడు డిగ్రీ కూడా పూర్తి చేసి ఉంటాడు. 1983 ఒప్పందం స్ఫూర్తి భారత్‌కూ వర్తిస్తుందని సింగపూర్ కంపెనీ వాదించింది. ఒప్పందంలో భారత్ పేరు లేదు, ఇక్కడ రిజిస్ట్రేషన్ లాకోస్ట్‌కు ఉంది కాబట్టి ఆ వాదన నిలవదని కోర్టు అన్నది. పేరు లేకుండా ఒట్టి మొసలి బొమ్మను బట్టల మీద వాడొద్దని క్రొకడైల్ ఇంటర్నేషనల్‌కు చెప్పింది. తల అటు తిప్పినా ఇటు తిప్పినా పోలిక పోలికే అన్నట్టు లెక్క. అయితే అదే తీర్పులో లాకోస్ట్‌కు ఒక చోట ఎదురుదెబ్బ కూడా తగిలింది. రిజిస్ట్రేషన్‌తో సంబంధం లేకుండా, ‘మా పేరు మీద సరుకు అమ్ముకుంటున్నారు’ అనే ఆరోపణ ఒకటి ఉంటుంది. కోర్టు భాషలో దాన్ని పాసింగ్ ఆఫ్ అంటారు. ఆ ఆరోపణ నిలబడలేదు. ఎదుటివాళ్లు ఇక్కడ అమ్మకాలు మొదలుపెట్టే నాటికే మన జనంలో లాకోస్ట్‌కు అంత గుర్తింపు ఉందని రుజువు కాలేదు. అంటే ఒక విధంగా లాకోస్ట్‌ను గెలిపించింది జనంలో ఉన్న పేరు కాదు, రిజిస్టరు పుస్తకంలో ఉన్న ఎంట్రీ. ఈ కేసు మొత్తంలో వ్యాపారం చేసేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఇది.

‘కొనేవాడు మోసపోతాడా?’ అన్న ప్రశ్నకు మన కోర్టులు మొదటినుంచీ ఒక మనిషిని ఊహించుకుని జవాబు చెబుతున్నాయి. మామూలు తెలివి ఉన్నవాడు, ఇదివరకు చూసిన బొమ్మ పూర్తిగా గుర్తులేనివాడు. అమృతధార, లక్ష్మణ్‌ధార మందుల కేసులో 1962లోనే సుప్రీంకోర్టు ఈ మాట అన్నది. 1972లో పార్లే బిస్కెట్ల కేసులో ఇంకో అడుగు వేసింది. పార్లే రేపరు మీద పల్లెటూరి పిల్ల, ఆవులు, కోళ్లు ఉన్నాయి. మైసూరు కంపెనీ రేపరు మీదా ఒక పిల్ల, ఆవులు, కోళ్లే. రెండిటినీ పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కబెట్టడం కాదు, మొత్తంగా చూస్తే కలిగే భావన ఏమిటన్నదే ముఖ్యమని కోర్టు చెప్పింది. 2001లో కాడిలా మందుల కేసులో, ఇంగ్లండులో చదువుకున్న కొనుగోలుదారు కోసం పుట్టిన కొలతలను ఇంగ్లిషు చదవలేని కోట్లమంది ఉన్న దేశానికి యథాతథంగా వాడలేమని కూడా అన్నది. దేవరకొండ అంగట్లోనో, అచ్చంపేట సంతలోనో బొమ్మ చూసి బట్ట కొనే మనిషి ఆ తీర్పుల్లో పేరు లేకుండా ఉన్నట్టే.

ఈ విషయంలో దక్షిణ తెలంగాణకు సొంత అనుభవం ఒకటి ఉంది. అది బట్టల దుకాణంలో కాదు, పోలింగ్ బూత్‌లో. 2019 లోక్‌సభ ఎన్నికల్లో భువనగిరిలో కాంగ్రెస్ 5,219 ఓట్ల తేడాతో గెలిచింది. అదే ఎన్నికలో రోడ్డు రోలర్ గుర్తు మీద పోటీ చేసిన అభ్యర్థికి 27,973 ఓట్లు పడ్డాయి. ఈవీఎం మీద చిన్నగా, నలుపు తెలుపుల్లో కనిపించే రోడ్డు రోలర్‌ను మా కారు అనుకుని జనం నొక్కారని అప్పటి టీఆర్‌ఎస్ గగ్గోలు పెట్టింది. 2022 మునుగోడు ఉప ఎన్నికలో ఇదే గొడవ మళ్లీ వచ్చింది. రోడ్డు రోలర్ దక్కిన అభ్యర్థికి రిటర్నింగ్ అధికారి ఆ గుర్తును మార్చి బేబీ వాకర్ ఇచ్చారు. ఎన్నికల సంఘం దాన్ని తప్పుబట్టి రోడ్డు రోలర్‌నే తిరిగి ఇప్పించింది, ఆ అధికారిని తప్పించింది. చివరికి ఇలాంటి గుర్తులు ఎవరికీ ఇవ్వొద్దన్న పిటిషన్‌ను 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కారుకూ రోలర్‌కూ చపాతీ కర్రకూ తేడా తెలియనంత అమాయకుడు కాదు ఓటరు అన్నది అక్కడి ధోరణి.

టీషర్టు కొనేటప్పుడు మతిమరుపు మనిషి, ఓటేసేటప్పుడు తెలివైన మనిషి. ఒకే మనిషి గురించి చట్టానికి రెండు అంచనాలు. తప్పు అనడానికి లేదు. ఎన్నికల గుర్తు ఎవరి ఆస్తీ కాదు, ట్రేడ్‌మార్కు ఆస్తి. ఆస్తిని కాపాడాలంటే కొనేవాడు పొరపాటు పడతాడని అనుకోవాల్సిందే. కానీ ఆ 27,973 ఓట్లలో పొరపాటున పడినవి ఎన్నైనా, చిన్న బొమ్మను చూసీచూడనట్టు చూసే కన్ను ఎలా పనిచేస్తుందో ఈ ప్రాంతం జనానికి ఒకరు చెప్పక్కర్లేదు.

మొసలి తర్వాత ఎక్కువ తగాదాలున్న జంతువు గుర్రం. అమెరికా డిజైనరు రాల్ఫ్ లారెన్ 1967లో పోలో పేరుతో టైలు అమ్మడంతో మొదలుపెట్టాడు. తర్వాత కొన్నేళ్లకు గుర్రం మీద కర్ర ఎత్తిన ఆటగాడి బొమ్మ వచ్చింది. అమెరికాలో పోలో ఆటను నడిపే యూఎస్ పోలో అసోసియేషన్ పుట్టింది మాత్రం 1890లో. ఆట మాది, గుర్రం మాది, మా బొమ్మ మేము వేసుకోవడానికి ఇంకొకరి అనుమతి ఏమిటని ఆ సంఘం అడిగితే తప్పు అనిపించదు. కానీ 1984లో న్యూయార్క్ కోర్టు రాల్ఫ్ లారెన్ వైపే మొగ్గింది. ఆట వయసు ఎంతైనా, బట్టల మీద ఆ బొమ్మకు పేరు తెచ్చింది లారెన్ కాబట్టి దాన్ని పోలిన బొమ్మ వాడొద్దన్నది. వేరేగా ఉండే బొమ్మతో బట్టల వ్యాపారం చేసుకోవచ్చని దారి మాత్రం మూసేయలేదు. ఆ దారిలోంచే రెండు గుర్రాలు, ఇద్దరు ఆటగాళ్లు ఉన్న బొమ్మ పుట్టింది. దాని మీదా కేసు పడింది. ఆ జంట బొమ్మ నాలుగు రకాలు జ్యూరీ ముందుకు వచ్చాయి. మూడు ఫరవాలేదన్నారు. కింద యూఎస్‌పీఏ అనే అక్షరాలు లేకుండా నిండుగా రంగు నింపిన బొమ్మ ఒక్కటే కుదరదన్నారు. 2008లో అప్పీలు కోర్టు కూడా అదే ఖాయం చేసింది. అదే సంఘం అత్తరు సీసాల మీద గుర్రాలు వేయబోతే 2011లో మళ్లీ ఓడిపోయింది. బట్టల మీద చెల్లిన బొమ్మ సెంటు డబ్బా మీద చెల్లలేదు.

మన మాల్స్‌లో యూఎస్ పోలో టీషర్టు కొనేవాళ్లు దాన్ని రాల్ఫ్ లారెన్ డూప్లికేటు అనుకోవడం మామూలే. డూప్లికేటు కాదు. కోర్టులు గీసిన గీతకు ఇవతల నిలబడి సొంతంగా లైసెన్సు ఇచ్చుకుంటున్న బ్రాండు అది.

గుర్రం బొమ్మ మన దేశంలోనే పెద్ద వార్త అయ్యింది 2025 ఫిబ్రవరిలో. బెవర్లీ హిల్స్ పోలో క్లబ్ అనే బ్రాండు గుర్రాన్ని పోలిన బొమ్మతో అమెజాన్ సొంత బ్రాండు సింబల్ బట్టలు అమ్ముడయ్యాయని ఆ బ్రాండు యజమాని లైఫ్‌స్టైల్ ఈక్విటీస్ కేసు వేసింది. ఢిల్లీ హైకోర్టు అమెజాన్ టెక్నాలజీస్ మీద సుమారు ₹339 కోట్లు వేసింది. ట్రేడ్‌మార్కు కేసుల్లో మన దేశంలో అంత మొత్తం వినడం చాలా అరుదు. అదే ఏడాది జులై 1న అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. కాబట్టి ₹339 కోట్ల అంకెను చూపించి ఎవరైనా భయపెడితే, ఆ స్టే మాట కూడా అడగాలి.

అన్ని జంతువులకూ ఇంత బలం ఉండదు. పూమా కంపెనీ దూకే పూమా బొమ్మతో ప్రసిద్ధి. ‘సాబెల్’ అనే డచ్చి కంపెనీ పరిగెత్తే చిరుతను వేసుకుంటే పూమా అభ్యంతరం చెప్పింది. 1997లో యూరోప్ న్యాయస్థానం, రెండూ దూకే పిల్లి జాతి జంతువులే అన్న ఊహ ఒక్కటే చాలదు, జనం నిజంగా ఒకదాన్ని ఇంకోటి అనుకునే అవకాశం ఉండాలన్నది. ప్రకృతిలో ఉన్నదాన్ని ఉన్నట్టు గీస్తే రక్షణ తక్కువ, కల్పన ఎక్కువైతే రక్షణ ఎక్కువ అన్న సూత్రం దీని వెనక ఉంది. అదే పూమా, జర్మనీలో ఒకాయన పూమా బదులు దూకే బొచ్చుకుక్కను వేసి ‘పుడెల్’ (జర్మన్‌లో ఆ పూడిల్ కుక్క పేరు) అని రాసుకుంటే ఊరుకోలేదు. 2015లో అక్కడి అత్యున్నత కోర్టులో గెలిచింది. అది ఎగతాళి అని చూడగానే తెలుస్తుంది, ఎవరూ మోసపోరు. అయినా పేరున్న బ్రాండు మీద సవారీ చేసి లాభం పొందడం కుదరదన్నారు. ఇక లాకోస్ట్ ఇంగ్లండులో ఇద్దరు పళ్ల డాక్టర్ల బోర్డు మీది మొసలి మీద కూడా అభ్యంతరం చెప్పి ఓడిపోయింది. పళ్లు పీకించుకోవడానికి వచ్చినవాడు టీషర్టు కొట్టనుకుంటాడా?

పెద్ద కంపెనీల మధ్య తగాదా ఇలా ఉంటే, జిల్లా బజారులో అసలు సమస్య పోలిక కాదు, అచ్చు నకలు. ఫస్ట్ కాపీ పేరుతో మూడు నాలుగు వందలకు దొరికే మొసలి టీషర్టు కొనేవాడికి అది అసలుది కాదని తెలుసు. అమ్మేవాడు దాచడు కూడా. మోసపోయినవాడు లేనప్పుడు నేరం ఎక్కడిదని దుకాణదారులు అడుగుతారు. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ చట్టం ముందు నిలవదు. 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 29వ సెక్షన్ ప్రకారం అదే గుర్తు, అదే రకం సరుకు అయితే జనం పొరపడతారని కోర్టు అనుకునే తీరాలి, విడిగా రుజువు అక్కర్లేదు. 103, 104 సెక్షన్ల కింద తయారు చేసినవాడికే కాదు, అమ్మినవాడికీ 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, ₹50,000 నుంచి ₹2 లక్షల జరిమానా ఉన్నాయి.

దుకాణదారులకు తెలియని మెలిక ఇంకోటుంది. ట్రేడ్‌మార్కు చట్టం కింద వారంటు లేకుండా సరుకు పట్టుకోవాలంటే డీఎస్పీ స్థాయి అధికారి కావాలి, అంతకుముందు ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. కాపీరైట్ చట్టం కింద అయితే ఎస్సై చాలు. లోగో ఒక బొమ్మ, బొమ్మ ఒక కళాఖండం, కాబట్టి కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కూడా కలిపి కేసు కట్టే వీలుంది. ఆ సెక్షన్ కింద నేరం కాగ్నిజబుల్ (వారంటు లేకుండా అరెస్టు చేయగలది), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకనిది) అని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేశాక దాని బరువు పెరిగింది. ఇక సివిల్ కేసుల్లో ‘అశోక్ కుమార్’ అనే పేరు తరచూ కనిపిస్తుంది. ఆయన ఎవరో కాదు, ఇంకా పేరు తెలియని ప్రతివాదికి మన కోర్టుల్లో పెట్టే పేరు. ఆ పేరు మీద ఆర్డరు తెచ్చుకుని, కోర్టు నియమించిన కమిషనర్‌తో గోదాముకు వచ్చి సరుకు సీలు వేస్తారు.

సరుకు నకిలీదని అనుమానించే కారణం లేదని, జాగ్రత్త తీసుకున్నానని, ఎవరి దగ్గర కొన్నానో చెప్పగలనని రుజువు చేసుకుంటే అమ్మినవాడికి 104వ సెక్షన్ ఒక మినహాయింపు ఇస్తుంది. హైదరాబాదు మదీనాలోనో పత్తర్‌గట్టిలోనో బిల్లు లేకుండా మూట కట్టించుకుని బస్సు మీద వేసుకొచ్చినవాడికి ఆ తలుపు మూసుకుపోయినట్టే. పట్టుబడేది జిల్లా దుకాణం, కుట్టించినవాడు ఎక్కడో ఉంటాడు. బ్రాండు కంపెనీల వేట ఎక్కువగా చివరి మెట్టు మీద ఆగిపోవడం ఈ వ్యవస్థలో ఉన్న అసలు అన్యాయం.

ఈ నేల మీద బట్టకూ జంతువుకూ చుట్టరికం పాతది. పోచంపల్లి ఇక్కత్‌లో ఏనుగులు, చిలుకలు, గద్వాల చీర అంచులో హంసలు, నెమళ్లు తరతరాలుగా నేస్తున్నారు. ఆ ఏనుగు ఏ ఒక్క మగ్గానిదీ కాదు. పోచంపల్లి ఇక్కత్‌కు, గద్వాల, నారాయణపేట చీరలకు, పుట్టపాక తేలియా రుమాలుకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. జీఐ ప్రధానంగా కాపాడేది ఆ ఊరి పేరును, ఆ పద్ధతిలో నేసిన బట్టను. మిల్లులో అచ్చువేసిన గుడ్డను పోచంపల్లి అని అమ్మితే కేసు పెట్టవచ్చు. పేరు ఎత్తకుండా అదే ఏనుగుల డిజైనును పాలిస్టరు మీద అచ్చేసి పావు ధరకు అమ్మితే నేతగాడికి చెయ్యడానికి పెద్దగా ఏమీ లేదు. ఫ్రెంచి మొసలికి 23 ఏళ్లు కొట్లాడే స్తోమత ఉంది, పోచంపల్లి ఏనుగుకు లేదు.

సూర్యాపేటలోనో మహబూబ్‌నగర్‌లోనో కొత్తగా టీషర్టుల బ్రాండు పెట్టి జింకనో డేగనో వేసుకోవాలనుకునే కుర్రాళ్లు ఇప్పుడు చాలామంది. వాళ్లు చేసే మొదటి పొరపాటు పేరు మాత్రమే వెతకడం. ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో బొమ్మలను వియన్నా కోడ్ అనే అంకెల పద్ధతిలో వెతకాలి. అందులో 3వ వర్గం జంతువులది. ఉచితమే. బట్టలు, చెప్పులు, టోపీలు 25వ తరగతిలోకి వస్తాయి. అలెన్ సోలీ కొమ్ముల దుప్పి లాంటివి అప్పటికే ఆ తరగతిలో కూర్చుని ఉన్నాయి కాబట్టి, కొమ్ములున్న తల ఒక్కటే గీసుకుంటే చిక్కు తప్పదు. సొంతంగా లేదా చిన్న సంస్థ పేరుతో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి ₹4,500. తెలంగాణ దరఖాస్తులు చెన్నై ఆఫీసు పరిధిలోకి పోతాయి. ఆఫీసు పరిశీలన దాటాక బొమ్మ ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో అచ్చవుతుంది. అప్పటినుంచి 4 నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. పెద్ద కంపెనీల లాయర్లు ఆ జర్నల్‌ను వారం వారం చూస్తూనే ఉంటారు. ఆ గడువు దాటేదాకా ఎంబ్రాయిడరీ మిషన్‌కు వేల పీసుల ఆర్డరు ఇవ్వకుండా, పేరు మాత్రమే ఉన్న లేబుల్‌తో కొద్ది సరుకు అమ్మి చూసుకోవడం మేలు.